పోతాకూ పోయొస్తాకూ మధ్య

పోయిన గురువారం పొద్దున పదిన్నరకు, కూర్చోమని కుర్చీ అయినా చూపకుండా, ఒక పలక నన్ను చచ్చిపోవాలని ఉందా అని అడిగింది. పలకంటే మీరూ నేనూ బలపంతో దిద్ది, ఉమ్మితో తుడిచి, అయ్యవారి చేత తన్నులు తిన్న పలక కాదు. గాజుది, వేలితో తాకితే వెలిగేది. ఇరవై ఏళ్ల కిందట నేను పని చేసిన చోటి నుంచి ఒక తెలుగు అమ్మాయి ఫోను చేసి, కస్టడీలోకి వచ్చే ఆడవాళ్లను అడగవలసిన ప్రశ్నలన్నీ ఇప్పుడు నానా భాషల్లో దాంట్లోకి ఎక్కించామనీ, తెలుగు తెలుగులాగే ఉందో లేదో ఒకసారి వచ్చి చూసిపెట్టమనీ బతిమాలింది. బతిమాలడమంటే, "వీలైతే రండి ఆంటీ" అన్నది, అంతే. నేను మాత్రం మా ఇంటాయనకు దేశమంతా నా రాక కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోందన్నట్టు చెప్పి, జరీ అంచు చీర కట్టుకుని ఫర్వానియాలో బస్సెక్కాను.

పలకలోంచి ఒక ఆడగొంతు, వాతావరణ సూచన చదివినట్టుగా, మీ ప్రాణమునకు మీరే హాని తలపెట్టు ఆలోచనలు మీకు కలుగుచున్నవా అన్నది. కింద రెండు గడులు: అవును, లేదు. లేదు నొక్కాను. ధన్యవాదములు అన్నది. నా కోతి బుద్ధి ఊరుకోనిస్తుందా, మళ్లీ మొదటికి పోయి ఈసారి అవును నొక్కాను. అదే గొంతు, పిసరంత కూడా వణక్కుండా, ధన్యవాదములు అన్నది. పక్కనున్న అమ్మాయి గాభరాపడి, అవును నొక్కితే లోపల నర్సుకు వెంటనే కబురు పోతుంది ఆంటీ అంటూ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. కబురు పోవడం మంచిదే, కాదనను. భాషలో నాలుగు చోట్ల గాట్లు పెట్టి, ఇచ్చిన టీ తాగి, బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాను. అదే బస్టాపు, నెత్తిన అదే ఎండ. ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ నాకు రక్తసంబంధం కాదు. కస్టడీలో కలిసిన మనిషి. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా అరబిక్ సంగతి చెప్పాలి.

కువైటుకొచ్చిన కొత్తలో నేను ఆరేళ్లు రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేశాను. ఆ ఇల్లెంత పెద్దదంటే, హాలు ఈ చివర తుడవడం మొదలుపెట్టి ఆ చివరికి చేరేలోగా మధ్యలో ఒక రంజాను వచ్చి వెళ్లేది, వెనక్కి తిరిగి చూస్తే ఈ చివర మళ్లీ దుమ్ము పడి ఉండేది. నాకొచ్చిన అరబిక్ అంతా ఆ వంటింట్లో, మేం మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి నోటి నుంచి రాలినదే కాబట్టి, దానికి ఉల్లిపాయ వాసన ఉండేది. నాకు తెలిసిన నామవాచకాలన్నీ కూరగాయలు, క్రియలన్నీ ఆజ్ఞలు: తే, కడుగు, తుడువు, మూత పెట్టు, పో, రా, యల్లా అంటే కానియ్ కానియ్. ఆ భాషలో నేను ఎవరినీ ప్రేమించలేను, దేన్నీ అనుమానించలేను, గరిటె మాత్రం అడగగలను. తర్వాత మా ఇంటాయనకు సాల్మియాలో డ్రైవరు పని కుదిరాక ఇంటి పని మాని ఒక క్లీనింగ్ కంపెనీలో చేరితే, వాళ్లు నన్ను ఆడవాళ్ల కస్టడీ తుడవడానికి వేశారు. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, గడువు దాటి దొరికినవాళ్లు, పనికి పిలిపించుకున్న కఫీల్ ఇల్లు వదిలి పారిపోయినవాళ్లు, తిరిగి ఊరికి పంపేదాకా ఉండే చోటు. దాని పేరు ఇక్కడ రాయను. అందులో ఉండొచ్చిన వాళ్లెవరూ ఆ పేరు వినాలని కోరుకోరు.

అక్కడ ఒక ఈజిప్టు నర్సు ఉండేది. గుమ్మంలో నిలబడిందంటే లోపల పొద్దు గూకేది, అంత మనిషి; గొంతు మాత్రం పిచ్చుక గొంతు. కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆమె నాలుగు ప్రశ్నలు అడగాలి: నిద్ర పడుతోందా, అన్నం పోతోందా, కష్టం చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా, నాలుగోది, చచ్చిపోవాలని ఉందా. ఆ జవాబుల్ని బట్టి గది తలుపుకు ఒక కాగితం తగిలించేది. భయం లేదనుకున్నవాళ్లను గార్డమ్మ పూటకొకసారి చూస్తే సరిపోయేది. భయమున్నవాళ్లనయితే పావుగంటకొకసారి తలుపు కిటికీలోంచి చూసి, ఊపిరి ఆడుతోందని కళ్లారా నమ్మి, అప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. మన తెలుగువాళ్ల దగ్గరికి వచ్చేసరికి నర్సు అరబిక్ అయిపోయి, ఇంగ్లీషు అయిపోయి, చేతి సైగలు కూడా అయిపోయేవి. ఒకరోజు ఆమె చూపు చీపురు పట్టుకున్న నా మీద పడింది, నువ్వు వీళ్ల మనిషివేనా అన్నది. అవునన్నాను. ఆ క్షణాన నేను దుబాసీనయ్యాను. కంపెనీ వాళ్లు మాత్రం చీపురు కింద పెట్టనివ్వలేదు.

మా కడప పక్కల మాట తీరు తెలియనివాళ్లకు చెబుతున్నాను, మేం చావకుండా ఒక్క వాక్యం పూర్తి చేయం. ఎండకు సస్తాం, చలికి సస్తాం, నవ్వలేక సస్తాం, బస్సు రాకపోతే సస్తాం, వస్తే అందులో ఊపిరాడక సస్తాం. పొద్దుననుంచి ముప్పై సార్లు చచ్చి, చివరికి సుబ్బరంగా ముద్ద సంగటి తిని పడుకుంటాం. నన్నెరిగిన వాళ్లు ఈనాటికీ నా మాటను నాలుగుతో భాగించుకుని వింటారు, ఇదీ అలాగే వినండి, కానీ చిన్నమ్మ దగ్గరికొచ్చాక మాత్రం భాగించకండి.

నా దుబాసీతనానికి మొదటి బలి రాయచోటి దగ్గరి నుంచి వచ్చిన ఒక వదిన. నర్సు అన్నం పోతోందా అని అడగమంది, అడిగాను. వదిన ఇంతెత్తున లేచింది. "ఏం జెప్పమంటావు వదినా, ఈ రొట్టె దినలేక సస్తాండా. ఇంగ రెండ్రోజులిట్లే పెడితే నా పీనుగును దీస్కపోండి. ఒగ ముద్ద సంగటి, ఇంత ఊరిబిండి దొరికితే పాణం లేచొస్తాది!" నేను మాట పొల్లు పోకుండా అరబిక్‌లోకి దించాను, చచ్చిపోతున్నానంటోంది, రెండు రోజుల్లో శవాన్ని తీసుకుపొమ్మంటోంది అని. సంగటికి అరబిక్‌లో ఏమంటారో తెలియక ఆ ఒక్క ముక్కా వదిలేశాను. నర్సు ముఖం మైదాపిండి అయింది. క్షణాల మీద వదినను ఏ సామానూ లేని ఒంటరి గదిలోకి మార్చి, చున్నీ, గాజులు, తలపిన్నులు అన్నీ తీసేసుకుని, పావుగంట కాగితం తగిలించారు. మూడు రోజులపాటు దేశాధినేతకు కూడా లేని కాపలా ఆ మనిషికి. నాలుగో రోజు బయటికి రాగానే నన్ను చూసి, "నిన్ను దుబాసీ జేసినోళ్ల నోట్లో మన్ను బడ! నేను సంగటి అడిగితే సావు అడిగిందని జెప్తావంటే నువ్వు?" అని వార్డు వార్డంతా ప్రతిధ్వనించేలా దులిపేసింది.

వారం రోజులు అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నాకు తెలియకుండా ఒక తప్పుడు పాఠం నేర్చుకున్నాను. అప్పటి నుంచి మావాళ్ల చావులకు తగ్గింపు కట్టసాగాను. ఎవరైనా సస్తానంటే నర్సుకు చిరాగ్గా ఉందంటోంది అని చెప్పేదాన్ని, పాణం పోతాందంటే కొంచెం నీరసం అనేదాన్ని. ఇక నాలుగో ప్రశ్న సంగతి వేరు. పొద్దున్నే, పసుపు కుంకుమల మనిషిని పట్టుకుని, చచ్చిపోవాలని ఉందా అని అడిగే నోరు మన ఇళ్లలో ఎవరికుంది? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెడ్డ మాట అంటే వాళ్లు సరేనంటారని, పాలపళ్లు ఊడకముందు నుంచీ విని పెరిగినదాన్ని. అందుకని ఆ ప్రశ్నను నేను చక్కగా తిప్పి, బాగుండావా అని అడిగేదాన్ని. బాగుండావా అంటే బాగుండా అనక ఏమంటారు? పాడె మీదున్నవాణ్ని అడిగినా మర్యాదకు బాగుండాననే అంటాడు. నర్సు కాగితంలో నాలుగో గడి నిండా లేదు, లేదు, లేదు అని పడుతూ పోయింది. ఆమె మాత్రం పాపం, సూటిగా అడుగు, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది, అంతే, అని రెండు భాషల్లో ఎన్నిసార్లు చెప్పిందో. నేను తలూపేదాన్ని. పనిమనిషి అన్నిటికన్నా ముందు నేర్చేది తలూపడమే.

ఎండలు ముదిరి తలుపు గడియ పట్టుకుంటే చేయి కాలే రోజుల్లో వచ్చింది చిన్నమ్మ. నలభై అయిదు దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి, బొట్టుండాల్సిన చోట పచ్చబొట్టు చుక్క. నేను వరస కలిపి చిన్నమ్మా అన్నాను, ఆమె నన్ను పాపా అన్నది. ఒక ఇంట్లో ఎనిమిదేళ్లు పని చేసి, ఊరికి పంపమంటే పంపక, విసిగి ఒకరోజు బయటికొచ్చేసి, మూడు నెలలు ఎక్కడెక్కడో తలదాచుకుని దొరికిపోయింది. ఆమెలో నన్ను నివ్వెరపరచింది ఏమిటంటే, మా జిల్లా మనిషయి ఉండీ దేన్నీ పెంచి చెప్పదు. ఎండగా ఉంది అంటుంది, ఎండకు సస్తాండా అనదు. తలనొప్పి అంటే తలనొప్పే. ఇలాంటి మనిషి మా వైపు పుట్టిందంటే ఆసుపత్రిలో పిల్లలు మారిపోయి ఉంటారని ఆమె ముఖం మీదే అన్నాను, ముసిముసిగా నవ్వింది.

ఒక్క కథకు మాత్రం నోరు విప్పేది. కువైటుకు బయలుదేరిన రోజు ఏజెంటు జీపు ఇంటి ముందర ఆపి హారను మీద చేయి తీయకుండా మోగిస్తుంటే, ఈమె కంగారులో ఎక్కి కూర్చుని, వాళ్లక్కతో పోతామ్మేయ్ అనేసిందట. మొగుళ్లు పోయిన ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకే పొయ్యి, ఒకే ఈతచాప. ఆ అక్క జీపుకు అడ్డంగా నిలబడి, "దిగు. దిగి సక్కంగా జెప్పిపో. పోతా అనేదేందే, పీనుగ పోయినట్ల? పోయొస్తా అను" అని, డ్రైవరు తిడుతున్నా, ఏజెంటు టైము చూసుకుంటున్నా, చెల్లెల్ని కిందికి దింపి, గడప దగ్గర మళ్లీ నిలబెట్టి, పోయొస్తా అనిపించుకున్నాక గానీ వదల్లేదట. ఆ కథ చెప్పినప్పుడల్లా చిన్నమ్మ చివర్న, "అనింటి గదా, పోవాలింగ" అనేది. అన్న మాట ప్రకారం తిరిగి వెళ్లడం ఒక్కటే ఆమెకున్న పని అన్నట్టు.

మధ్యాహ్నం రెండుకు నా డ్యూటీ దిగేది. చీపురు మూల పెట్టి పోయొస్తా చిన్నమ్మా అంటే, కిటికీ దగ్గరికొచ్చి పోయిరా పాపా అనేది. ఇక్కడో చిన్న ముచ్చట. ఆ కస్టడీలో టికెట్టు వచ్చి ఊరికి బయలుదేరే ఆడవాళ్లెవరూ పోయొస్తా అనేవాళ్లు కాదు. జైలుకూ ఆసుపత్రికీ మళ్లీ వస్తానని చెప్పి ఎవరు బయటపడతారు? పోతామే, పోతా, ఈ గడప మళ్లా తొక్కితే నా కాలు ఇరగ, అని సంబరంగా అరుచుకుంటూ పోయేవాళ్లు. ఊళ్లో నోట రాకూడని ఆ పోతా అక్కడ పండగ మాట.

ఒకరోజు చిన్నమ్మకు ఊరి నుంచి ఫోను వచ్చింది. వాళ్లక్క పోయి పన్నెండు రోజులయిందట. ఈమె ఎక్కడుందో తెలియక కబురు తిరిగి తిరిగి ఆలస్యమయింది. దినాలు కూడా అయిపోయాయి. చిన్నమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపును నేను పెంచి చెప్పను. నర్సు వచ్చి చూసి, నన్ను అడగమని కూడా అనకుండానే, పావుగంట కాగితం తగిలించింది. గార్డమ్మలు సంతకాలు పెట్టారు. నేను తడిగుడ్డ పట్టుకుని అవసరమున్నా లేకున్నా ఆ గది ముందరే పదిసార్లు తుడిచేదాన్ని. ఆ నెలలో ఆ నాలుగు బండలు అరిగి అద్దాలయ్యాయి.

పది రోజులయ్యాక చిన్నమ్మ ఏడుపు ఆగింది. అంతకన్నా ఆశ్చర్యం, ముఖం తేటపడింది. స్నానం చేసి తల దువ్వుకుంది. తన దువ్వెనా, సగముండిన కొబ్బరినూనె సీసా సంగటి వదినకు ఇచ్చేసింది. వదిన అది పట్టుకుని వార్డంతా తిరిగి, "సూడండే, నా మొగుడు గుడక ఇన్నేండ్లలో నాకు సీసాడు నూనె దెచ్చిండ్ల్యా" అని ఊరేగింది. నా సంతోషానికి అవధుల్లేవు. దేవుళ్లందరికీ పేరుపేరునా కొబ్బరికాయలు మొక్కుకున్నాను, అవన్నీ కొట్టి ఉంటే కోనసీమ బోడి అయిపోయేది. నర్సు మాత్రం అనుమానంగా చూసి, నాలుగో ప్రశ్న సూటిగా అడుగు అన్నది. నేను చిన్నమ్మ వైపు తిరిగి, బాగుండావా చిన్నమ్మా అన్నాను. "బాగుండా పాపా" అన్నది. నర్సుకు చెప్పాను, బాగుంది, అలాంటిదేమీ లేదు అంటోంది అని. నర్సు నా కళ్లలోకి చూసింది, నిజమేనా అన్నది. తలూపాను. తలుపు మీద కాగితం మారింది. పావుగంట పోయి పూటకొకసారి అయింది.

ఆ మర్నాడు రెండు గంటలకు, బస్సు తప్పిపోతుందని పరుగులో ఉన్నాను. ఎప్పటిలాగే కిటికీ ముందర నుంచి పోతూ పోయొస్తా చిన్నమ్మా అన్నాను. లోపలి నుంచి, "పోతా పాపా" అన్నది. నేను నవ్వేశాను. చిన్నమ్మకు కూడా పండగ మాట వచ్చింది, టికెట్టు వచ్చినట్టుంది, పోనీలే పాపం, అనుకుంటూ గేటు దాటాను.

బస్టాపులో, ఇదే ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. రూళ్లకర్రలాంటి ఎండ. ఎదురుగా బస్సు వస్తూ కనబడుతోంది. లేచి, చేతిలో చిల్లర సవరించుకుంటూ, టికెట్టు ఎప్పుడొచ్చింది చెప్మా, ఆమె పాస్‌పోర్టే ఇంకా కఫీల్ ఇవ్వలేదని పొద్దున నర్సు అన్నది కదా, అనుకున్నాను. అప్పుడు తగిలింది. పోయేది నేను. ఆమె అక్కడే ఉండే మనిషి. పోయొస్తా అన్నవాళ్లకు పోయిరా అనాలి, ఇన్నాళ్లూ అలాగే అన్నది. ఉన్న చోటనే ఉండే మనిషి పోతా అంటే ఎక్కడికి? జీపులోంచి దింపి మరీ ఆ మాట దిద్దించిన అక్కకు చెల్లెలు, ఒక్క మాటయినా పెంచని, తుంచని మనిషి, ఊరికే నోరు జారి అంటుందా?

బస్సు వచ్చి తలుపు తీసింది. నేను వెనక్కి పరుగెత్తాను. నా పరుగు చూసి ఎండ పక్కకు తప్పుకుందని చెబుదునుగానీ, ఇది భాగించవద్దన్న చోటు. చెప్పులు రెండూ దారిలో ఊడిపోయాయి, అంతే నిజం.

గేటు దగ్గర గార్డమ్మ, నీ డ్యూటీ అయిపోయింది, లోపలికి వీల్లేదన్నది. పోతాకూ పోయొస్తాకూ తేడా ఏమిటో నేను అరబిక్‌లో చెప్పాలి. నాకున్నవి ఆజ్ఞలు. రూహ్ అంటే పో, తాల్ అంటే రా. "మామా, ఆమె రూహ్ అంది! రూహ్, తాల్ అనలేదు! రూహ్ ఒక్కటే!" అని ఆమె చేతులు పట్టుకుని అరిచాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పొమ్మంటే పో మరి" అన్నది. తప్పు ఆమెది కాదు. నేను అన్నది ఆమెకు అలాగే వినబడుతుంది. మళ్లీ చెప్పాను, మళ్లీ చెప్పాను, ఎన్నిసార్లు చెప్పినా నా నోటి నుంచి పో, పో అనే వస్తోంది.

ఇంతలో సంచి భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరిన నర్సు అక్కడికొచ్చింది, ఏమైందన్నది. నాకు తెలిసిన అరబిక్‌లో ఇంకొక్క మాట మిగిలింది, రుమైథియా ఇంట్లో పిల్లలు బొద్దింకను చూసినప్పుడల్లా అరిచే మాట. నాకు భయం అన్నాను. చిన్నమ్మ గది వైపు చూపించి, భయం, భయం అన్నాను. ఎందుకు, ఏం చూశావు, ఏమన్నది అని ఆమె అడగలేదు. సంచి గార్డమ్మ బల్ల మీద పెట్టేసి, "అది చాలు" అన్నది. అంత భారీ మనిషి నాకన్నా ముందు ఆ వరండా దాటింది.

చిన్నమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ప్రాణంతో ఉంది. కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. అదేమిటో ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను. నర్సు ఆమె పక్కనే నేల మీద చతికిలబడి, నా వైపు చూసి, అడుగు అన్నది. తథాస్తు దేవతలు ఆ పూట ఏ పక్కనున్నారో నాకు తెలియదు.

"చిన్నమ్మా, సచ్చిపోవాలనుకుంటాండావా?"

 ఆమె తల తిప్పకుండానే, తలనొప్పిగా ఉందని చెప్పినంత మామూలుగా, "ఊ. అనుకుంటాండా" అన్నది. కొంగు బిగించి పట్టుకుని, "వస్తానని అక్కకు జెప్పింటి పాపా. ఇంగ యాడికి రావాల?" అన్నది.

ఆ మాటను నేను నర్సుకు పెంచకుండా, తగ్గించకుండా చెప్పాను. నా బతుకులో అలా చెప్పిన మాట అదొక్కటే. నర్సు చేయి చాచింది, అడిగింది, ఎదురుచూసింది. చిన్నమ్మ కొంగు కిందిది ఆమె చేతిలో పెట్టేసి, అప్పుడు, మధ్యలో ఆగిపోయిన ఏడుపు మళ్లీ మొదలుపెట్టింది. నర్సు ఆ రోజు ఇంటికి ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. తలుపు కాగితం మళ్లీ మారింది. కారణం రాయవలసిన చోట ఆమె ఒక్క ముక్కే రాసింది, దుబాసీ భయపడుతోంది అని. పైవాళ్లు వచ్చి ఇదేం కారణం అంటే, ఇదే కారణం అన్నదట.

ఒంటరి గదిలోకి మార్చకుండా, పక్కన మనుషులుండేలా చూస్తానని నర్సు పట్టుబట్టింది. సంగటి వదిన దువ్వెన పట్టుకొచ్చి, "నీ దువ్వెన నాకొద్దు, పండ్లన్నీ ఊడిపోయిండాయి. ఇట్ల తిరుగు" అని తనే కూర్చుని చిన్నమ్మకు తల దువ్వింది. నూనె సీసా మాత్రం ఇవ్వలేదు, అది అప్పటికే ఖాళీ చేసేసింది. నేను రోజూ నాలుగో ప్రశ్న సూటిగా అడిగేదాన్ని. చిన్నమ్మ కొన్నాళ్లు ఊ అన్నది, కొన్నాళ్లు ఈ పొద్దు లేదులే అన్నది. తలకాయ తినొద్దు పోమ్మే అన్న రోజున నర్సూ నేనూ టీ తాగాం.

ఆరు వారాలకు టికెట్టు వచ్చింది. వ్యాను ఎక్కే ముందు చిన్నమ్మ నా ఎదుట నిలబడి నోరు తెరిచి, ఆగిపోయింది. పోతా అనలేదు, మా ఇద్దరికీ ఆ మాట కాలుతుంది. పోయొస్తా అనలేదు, ఆ గడపకు ఎవరు వస్తామంటారు? గార్డమ్మ యల్లా యల్లా అంటోంది. చిన్నమ్మ వెతుక్కుని వెతుక్కుని, "నువ్వే రా పాపా" అన్నది. "సంగటి కెలికి పెడ్తా. రా." వస్తానన్నాను.

వస్తానన్నదాన్ని ఆరేళ్లు పోలేదు. సెలవు మీద వెళ్లినప్పుడల్లా ఒక పెళ్లో, ఒక పంటినొప్పో అడ్డం వచ్చేది. ఏడో ఏట వెతుక్కుంటూ వెళితే తలుపుకు తాళముంది. పక్కింటామె చేటలో బియ్యం చెరుగుతూ, "ఆయమ్మ పోయింది గదమ్మా, పోయినేడు" అన్నది.  మామూలు మనిషయితే అక్కడితో అయ్యో అని ఊరుకుంటుంది. నేను అడగడం నేర్చినదాన్ని. ఎట్ల పోయింది అని సూటిగా అడిగాను. "జరమొచ్చి. ఆసుపత్రికి గుడక తీస్కపోయినారు, నిలవల్యా" అన్నది. ఒక మనిషి జ్వరంతో పోయిందని విని, ఆ మనిషి గడప మీదే కూర్చుని, అమ్మయ్య అనుకున్నదాన్ని నేను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. పక్కింటామె నీళ్లిచ్చి, "కువైటు నుంచి ఒగ పాప వస్తాదని, ఎప్పుడూ ఒగ సేరు రాగిపిండి ఎక్కువే పట్టిచ్చేది. నువ్వేనా?" అన్నది. ఆ ప్రశ్నకు మాత్రం తలూపాను.

ఇదంతా పోయిన గురువారం ఆ బెంచీ మీద కూర్చుని తలుచుకున్నాను, రెండు బస్సులు వదిలేశాను. ఇప్పుడక్కడ అన్నీ మెరుగయ్యాయి, కాదంటే కళ్లు పోతాయి. పలక ఏ దేవతలకూ భయపడదు, ప్రశ్నను తిప్పి బాగుండావా అనదు, సంగటిని వదిలేయదు. అడగవలసింది అడుగుతుంది. మేం చేయలేనిది అది చేస్తోంది. అయితే అది అడిగిన ప్రశ్నకు జవాబే వింటుంది, గేటు దాటి పోతున్నప్పుడు వెనకనుంచి వినబడే మాట దానికి వినబడదు. ఆ మాట వినిపించుకోని మనుషుల్ని నిందిద్దామన్నా, అసలు ఆ మాటే లోకంలో లేకుండా పోయింది. మా పిల్లలు ఫోను పెట్టేస్తూ పోయొస్తాననరు, ఉంటానని కూడా అనరు.

ఆ పొద్దున నేను పలక ఇచ్చేసి పోయొస్తా పాపా అంటే, ఆ అమ్మాయి తెర మీద నుంచి తలెత్తకుండా, "బై ఆంటీ" అన్నది. బంగారంలాంటి పిల్ల, చల్లగా ఉండాలి. కానీ ఆ బైలో పోవడమూ లేదు, రావడమూ లేదు. రేపు ఆ పిల్లకే ఏదైనా కష్టమొస్తే, ఏ మాట తేడా వచ్చిందని నేను బస్టాపు నుంచి వెనక్కి పరుగెత్తాలి?